ఫారంలో సబ్మిట్ బటన్ కనిపించట్లేదా? సైట్ డౌన్ అవ్వలేదు.. మీ బ్రౌజర్ పాతదై ఉండొచ్చు! ఇలా చెక్ చేసుకోండి

ఏ నోటిఫికేషన్ వీడియో పెట్టినా, లాస్ట్ డేట్ రోజు కింద వచ్చే కామెంట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, సబ్మిట్ బటన్ రావట్లేదు". "జిల్లా సెలెక్ట్ చేశా, మండలం లిస్ట్ ఖాళీగా ఉంది". "మా ఫ్రెండ్ ఫోన్‌లో ఓపెన్ అవుతోంది, నా ఫోన్‌లో అవ్వట్లేదు". అసలు జవాబు ఈ మూడో కామెంట్‌లోనే ఉంది. సైట్ నిజంగా డౌన్ అయితే ఎవరి ఫోన్‌లోనూ తెరుచుకోదు. ఒకరికి వచ్చి ఇంకొకరికి రావట్లేదంటే, ముందు చూసుకోవాల్సింది మనం వాడుతున్న బ్రౌజర్‌నే.

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ ఫారం సగంలో ఆగితే పోయేది టైం ఒక్కటే కాదు. పుట్టిన తేదీ తారుమారైతే సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది పడాలి. ఫీజు రెండుసార్లు కట్ అయితే డబ్బుల కోసం తిరగాలి. గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకే పాత ఫోన్, పాత కంప్యూటర్ వాడేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలన్నీ ఒకేచోట ఇస్తున్నాం.

అసలు ఫారం ఎందుకు చెదిరిపోతుంది?

వెబ్ పేజీని ఒక ఇల్లు అనుకోండి. గోడలు, గదులు ఒక భాగం. దీన్ని హెచ్‌టీఎంఎల్ అంటారు. రంగులు, అలంకరణ, ఏది ఎక్కడ ఉండాలనేది రెండో భాగం. ఇది సీఎస్ఎస్. స్విచ్ వేస్తే లైట్ వెలగడానికి కరెంటు వైరింగ్ ఉంటుంది కదా, ఆ పని చేసేది జావాస్క్రిప్ట్. జిల్లా ఎంచుకోగానే మండలాలు రావడం, ఓటీపీ బటన్ పనిచేయడం, ఫొటో సైజ్ చెక్ చేయడం సాధారణంగా ఈ మూడో భాగం పనే.

పాత బ్రౌజర్ ఈ మూడింటినీ ఒకేలా చూడదు. సీఎస్ఎస్‌లో తనకి తెలియని లైన్ కనిపిస్తే దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. ఉదాహరణకి గ్రిడ్ అనే పద్ధతి ప్రధాన బ్రౌజర్లలోకి 2017 మార్చి నుంచి వచ్చింది. అంతకంటే పాత బ్రౌజర్‌లో పక్కపక్కన ఉండాల్సిన పెట్టెలు ఒకదాని కింద ఒకటి పడతాయి. చూడటానికి బాగోదు, అంతే. ఫారం మాత్రం పనిచేస్తుంది.

జావాస్క్రిప్ట్ సంగతి అలా కాదు. బ్రౌజర్‌కి అర్థం కాని రాత ఒక్కటి ఉన్నా ఆ ఫైల్ మొత్తాన్ని పక్కన పడేస్తుంది. ప్రశ్న గుర్తు పక్కన చుక్క పెట్టి రాసే ఒక పద్ధతి ఉంది. క్రోమ్‌లో ఇది 80వ వెర్షన్ నుంచి, అంటే 2020 ఫిబ్రవరి నుంచి పనిచేస్తోంది. 79 లేదా అంతకంటే పాత క్రోమ్ ఉన్న ఫోన్‌లో ఆ రెండు గుర్తులు తగిలితే చాలు, ఆ ఫైల్‌లో ఉన్న పనులన్నీ ఆగిపోతాయి. ఒక్కచోట షార్ట్ అయితే ఆ లైన్‌లో కరెంట్ మొత్తం పోయినట్టే.

కాబట్టి ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఫారం చూడటానికి మాత్రమే బాగోలేదా? లేక నొక్కినా పనిచేయట్లేదా? మొదటిదైతే ఉన్న ఫోన్‌లోనే సర్దుకోవచ్చు. రెండోదైతే జూమ్ చేసినా, రిఫ్రెష్ కొట్టినా పెద్దగా లాభం ఉండదు. బ్రౌజర్ మార్చాల్సిందే.

మీ బ్రౌజర్ ఎంత పాతదో ఎలా తెలుస్తుంది?

ఫోన్‌లో క్రోమ్ ఓపెన్ చేసి, కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చివర్లో ఉండే అబౌట్ క్రోమ్ చూడండి. అక్కడ కనిపించే పెద్ద నంబర్‌లో మొదటి చుక్కకి ముందున్న అంకెలే మీ వెర్షన్. ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ చూడండి.

ప్లే స్టోర్‌లో అప్‌డేట్ బటన్ రాలేదని "నాది లేటెస్టే" అనుకోవద్దు. మీ ఫోన్‌కి ఇక కొత్త వెర్షన్లు ఇవ్వడం ఆపేసినా అప్‌డేట్ బటన్ కనిపించదు. ఏది ఎక్కడ ఆగిందో చూడండి.

- ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు క్రోమ్ 119 వరకే.
- ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకు క్రోమ్ 138 వరకే. 2025 ఆగస్టులో వచ్చిన 139 నుంచి ఆండ్రాయిడ్ 10 తప్పనిసరి.
- విండోస్ 7, 8, 8.1 కంప్యూటర్లకు 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109 చివరిది.
- విండోస్ ఎక్స్‌పీకి క్రోమ్ 49 దగ్గరే ఆగిపోయింది.
- ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్‌లకు ఐఓఎస్ 12 చివరిది.

ఐఫోన్ వాడేవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల నడిచేది యాపిల్ ఇంజినే. కాబట్టి పాత ఐఫోన్‌లో బ్రౌజర్ మారిస్తే పెద్దగా తేడా రాదు. ఐఓఎస్ అప్‌డేట్ చేయాలి, లేదంటే వేరే ఫోన్ చూసుకోవాలి.

యూసీ బ్రౌజర్ ఇంకా వాడుతున్నారా? 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అది ఒకటి. అప్పటి కాపీ ఇంకా ఫోన్‌లో ఉంటే, దాన్ని ఫారాలకు అస్సలు వాడొద్దు. ఒపెరా మినీలో డేటా బాగా ఆదా చేసే మోడ్ ఆన్‌లో ఉంటే, పేజీ ముందు కంపెనీ సర్వర్‌లో కుదించబడి తర్వాత మీ ఫోన్‌కి వస్తుంది. వార్తలు చదవడానికి అది బాగానే ఉంటుంది. ఫారం నింపేటప్పుడు ఆ మోడ్ ఆఫ్ చేయండి. 2017లో వచ్చిన జియోఫోన్ బ్రౌజర్ విషయానికొస్తే, దాని లోపలి ఇంజిన్ 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48ది. అందులో రిజల్ట్ చూసుకోవచ్చేమో గానీ, అప్లికేషన్ మాత్రం వేరే ఫోన్‌లో నింపడమే మంచిది.

నాలుగు టెస్టులు.. సమస్య ఎక్కడుందో తేలిపోతుంది

ఏదీ డిలీట్ చేయకముందే ఈ నాలుగూ వరసగా చేయండి.

1. వేరే సైట్ ఏదైనా తెరవండి. అదీ రాకపోతే సమస్య నెట్‌ది.
2. అదే ఫారంని ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో తెరవండి. అక్కడ బాగా వస్తే మీ బ్రౌజర్ పాతది కాదు, అందులో సేవ్ అయిన పాత ఫైళ్లే అడ్డం పడుతున్నాయి. ఆ ఒక్క సైట్ డేటా క్లియర్ చేస్తే చాలు. అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కితే కుకీస్, సైట్ డేటా ఆప్షన్ వస్తుంది. అయితే అలా చేస్తే లాగిన్ పోతుంది, సగం నింపిన ఫారం కూడా పోవచ్చు. ముందే వివరాలు కాగితం మీద రాసుకోండి.
3. వేరే బ్రౌజర్‌లో తెరవండి. అక్కడ పనిచేస్తే మొదటి బ్రౌజర్‌దే తప్పు.
4. వేరే ఫోన్‌లో, వేరే నెట్‌తో తెరవండి. అక్కడ కూడా రాకపోతే అప్పుడు సైట్‌నే అనుమానించాలి.

లక్షణాన్ని బట్టి మందు

సబ్మిట్ బటన్ కనిపించట్లేదు: చాలాసార్లు బటన్ ఉంటుంది, స్క్రీన్ బయటకి పోయి ఉంటుంది. ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. ఫోన్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజ్ పెద్దదిగా పెట్టుకుంటే తగ్గించండి. అమ్మానాన్నల ఫోన్లలో ఎక్కువగా ఇదే కారణం అవుతుంది. అప్పటికీ రాకపోతే క్రోమ్ మెనూలో డెస్క్‌టాప్ సైట్ టిక్ చేయండి. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని మైనస్ నొక్కితే పేజీ చిన్నదవుతుంది. కంట్రోల్, సున్నా నొక్కితే మామూలు సైజ్‌కి వస్తుంది. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే కనిపించని పెట్టెల్లోకి కూడా కర్సర్ వెళ్తుంది. అలా దాక్కున్న తప్పనిసరి గడి ఏదైనా ఉందేమో కూడా తెలుస్తుంది.

జిల్లా ఎంచుకున్నా మండలం రావట్లేదు: ఇది జావాస్క్రిప్ట్ సమస్య. ఒక్కసారి రిఫ్రెష్ చేసి, నెట్ నెమ్మదిగా ఉందేమో అని ఒక నిమిషం ఆగి చూడండి. రాలేదంటే వెంటనే బ్రౌజర్ మార్చండి. అదే పేజీలో పదిసార్లు నొక్కుతూ కూర్చుంటే సెషన్ టైం అయిపోయి మొదటి నుంచి నింపాల్సి వస్తుంది.

పుట్టిన తేదీ దగ్గర క్యాలెండర్ రావట్లేదు: ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త! కొత్త బ్రౌజర్లలో తేదీ గడి నొక్కితే క్యాలెండర్ తెరుచుకుంటుంది. ఆ సౌకర్యం లేని బ్రౌజర్‌లో అదే గడి మామూలు టైపింగ్ పెట్టెగా మారిపోతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఈ క్యాలెండర్ ఎప్పుడూ రాలేదు. మ్యాక్ కంప్యూటర్ల సఫారీలో 2021లో గానీ రాలేదు. ఇలాంటి చోట 05-08-2004 అని కొడితే అది ఆగస్టు 5 అవుతుందా, మే 8 అవుతుందా అన్నది ఆ సైట్ ఎలా చదువుతుందో దాన్ని బట్టి ఉంటుంది. తేదీ 12 లోపు ఉన్నవాళ్లకి సైట్ ఎర్రర్ కూడా చూపించకపోవచ్చు. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు (2004-08-05) రాయమంటోందేమో గడి పక్కన సూచన చూడండి. సూచన లేకపోతే ఊహించి కొట్టొద్దు, క్యాలెండర్ వచ్చే బ్రౌజర్‌లోనే నింపండి. ప్రివ్యూ పేజీలో నెల పేరు సరిచూసుకున్నాకే ముందుకెళ్లండి.

గడులున్నాయి, వాటి పేర్లు లేవు: కొన్ని ఫారాల్లో "మీ పేరు", "తండ్రి పేరు" అనే మాటలు గడి లోపలే లేత రంగులో ఉంటాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9, అంతకంటే పాత వాటిలో ఈ లేత అక్షరాలు అసలు కనిపించవు. వరసలో మూడోది తండ్రి పేరే అయ్యుంటుందని నింపేస్తే ఒక గడి అటూ ఇటూ అయ్యి అన్నీ మారిపోతాయి. బ్రౌజర్ మార్చండి.

ఫొటో, సంతకం అప్‌లోడ్ అవ్వట్లేదు: టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లో వచ్చిన లింక్ నొక్కితే చాలాసార్లు ఆ యాప్ లోపలే ఒక చిన్న బ్రౌజర్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ ఎంచుకోవడం, పేమెంట్ విండో లాంటివి సరిగ్గా పనిచేయకపోవచ్చు. మూడు చుక్కలు నొక్కి ఓపెన్ ఇన్ క్రోమ్ ఎంచుకోండి. ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని వెతికి అప్‌డేట్ ఉంటే చేసుకోండి. యాప్‌ల లోపల పేజీలు చూపించేది ఇదే. 2021 మార్చిలో ఇందులో తేడా వచ్చినప్పుడు ఎందరి ఫోన్లలోనో యాప్‌లు వాటంతటవే మూసుకుపోయాయి. అప్‌డేట్ వచ్చాకే సర్దుకున్నాయి.

తెలుగు అక్షరాలు డబ్బాల్లా వస్తున్నాయి: డబ్బాలు కనిపిస్తే ఆ సిస్టమ్‌లో తెలుగు యూనికోడ్ ఫాంట్ లేనట్టు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉన్నా, రీజినల్ సెట్టింగ్స్‌లో భారతీయ లిపుల సపోర్ట్ విడిగా ఆన్ చేస్తేనే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. డబ్బాలు కాకుండా పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తే కథ వేరు. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్స్‌లో టైప్ చేసిన మేటర్‌ని ఫారంలో పేస్ట్ చేస్తే అలాగే వస్తుంది. అది యూనికోడ్ కాదు కాబట్టి ఏ బ్రౌజర్ మార్చినా బాగుపడదు. ఫోన్‌లోని తెలుగు కీబోర్డ్‌తో మళ్లీ టైప్ చేయడమే మార్గం.

"మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తోంది: ముందు ఫోన్‌లో తేదీ, టైం చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పాత ఫోన్లలో, సీమాస్ సెల్ పోయిన కంప్యూటర్లలో తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు మంచి సైట్లు కూడా ఇలాగే కనిపిస్తాయి. ఆటోమేటిక్ టైం ఆన్ చేయండి. ఇంకో కారణం కూడా ఉంది. ఎన్నో సైట్లు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30తో ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో కొత్త రూట్ సర్టిఫికెట్ లేదు. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల లిస్ట్ తనే తెచ్చుకుంటుంది కాబట్టి అలాంటి ఫోన్లలో అది కొంత ఉపయోగం. ఏదేమైనా ఆ హెచ్చరిక దాటేసి ఆధార్ నంబర్, కార్డ్ వివరాలు మాత్రం కొట్టొద్దు.

పాత కంప్యూటర్ ఒక్కటే ఉంటే?

విండోస్ 7లో క్రోమ్ 109 ఉన్నా ఫారం రాకపోతే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ వేసి చూడండి. విండోస్ 7, 8, 8.1లకు వచ్చిన చివరి ఫైర్‌ఫాక్స్ అదే. ఎక్స్‌పీ అయితే ఫారాల కోసం వదిలేయండి. మన ఫోన్ ఎంత పాతదైనా దానికంటే నయం.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. కొన్ని పాత సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే సరిగ్గా వస్తాయి. ఆ బ్రౌజర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పింది. అలాంటి సైట్ కోసం పాత ఎక్స్‌ప్లోరర్ వెతుక్కోనక్కర్లేదు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ దగ్గర ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌కి అనుమతి ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఆ పేజీని ఆ మోడ్‌లో రీలోడ్ చేయండి. ఈ మోడ్ కనీసం 2029 వరకు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

పేమెంట్ పేజీలో ఆగిపోతే?

బ్యాక్ నొక్కొద్దు. రిఫ్రెష్ కొట్టొద్దు. తెల్ల స్క్రీన్ వస్తే కొన్ని నిమిషాలు ఆగి, ముందు బ్యాంక్ మెసేజ్ చూడండి. డబ్బులు కట్ అయితే సైట్‌లో మళ్లీ లాగిన్ అయి పేమెంట్ స్టేటస్ చెక్ చేయండి. అది తేలకముందే రెండోసారి కట్టొద్దు. ట్రాన్సాక్షన్ నంబర్ రాసి పెట్టుకోండి. ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, యూపీఐలో మన ఖాతా నుంచి డబ్బు పోయి అవతలి సంస్థకి కన్ఫర్మేషన్ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా అది వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.

పేమెంట్ విండో అసలు తెరుచుకోకపోతే క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో పాప్-అప్స్ అనుమతించండి. పని అయ్యాక మళ్లీ ఆపేయండి.

ఈ తప్పులు మాత్రం చేయొద్దు

- "మీ బ్రౌజర్ పాతదైంది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి" అని పేజీలో వచ్చే బటన్ నొక్కొద్దు. నిజంగా పాతదే అయినా సరే, మీ అంతట మీరే ప్లే స్టోర్‌కి వెళ్లి అప్‌డేట్ చేసుకోండి. ఇలాంటి బటన్ల వెనక మోసగాళ్ల ఏపీకే ఫైళ్లు ఉంటున్నాయి. పొరపాటున వేసుకుని డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
- "నీ ఫారం నేను నింపుతా, ఓటీపీ చెప్పు" అనే తెలియని హెల్పర్లను నమ్మొద్దు.
- నెట్ సెంటర్‌లో నింపితే పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు. పని అయ్యాక లాగౌట్ అయి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న మీ ఆధార్, మార్కుల మెమో ఫైళ్లు డిలీట్ చేసి రండి.

ఏదీ పనిచేయకపోతే?

ఇంట్లో ఇంకెవరి ఫోన్ అయినా కొత్తదుంటే అదే మొదటి దారి. లేదంటే తెలంగాణలో మీసేవ కేంద్రం, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం లేదా నమ్మకమైన నెట్ సెంటర్‌లో అడగండి. హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పెడితే "సైట్ పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, బ్రౌజర్ వెర్షన్, ఏ పేజీలో ఏ బటన్ దగ్గర ఆగింది, ఎన్ని గంటలకు అనేవి రాయండి. అడ్రస్, టైం కనిపించేలా స్క్రీన్‌షాట్ జత చేయండి. గడువులోపే ప్రయత్నించారని చెప్పడానికి రేపు మీ చేతిలో ఉండే ఆధారం అదే.

ఒక మాట ఫారాలు తయారు చేసేవాళ్లకి కూడా చెప్పాలి. అప్లికేషన్ పెట్టేవాళ్లందరి చేతిలో కొత్త ఫోన్ ఉండదు. గడి పేరు గడి బయటే రాయడం, తేదీకి రోజు, నెల, సంవత్సరం మూడు లిస్టులుగా ఇవ్వడం, విడుదలకు ముందు ఒక పాత ఫోన్‌లో ఒక్కసారి నింపి చూడటం పెద్ద ఖర్చు కాదు.

ఇక అప్లై చేసేవాళ్లకి చివరి మాట. లాస్ట్ డేట్ దాకా ఆగొద్దు. ఫారం మొదలైన రోజే మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి, చివరి పేజీ వరకు వస్తుందో లేదో చూసుకోండి. అప్పుడు రాకపోయినా వేరే ఫోన్ చూసుకోవడానికి టైం ఉంటుంది. ఆఖరి రోజు రాత్రి 11 గంటలకు మాత్రం ఉండదు.